ఇండెక్సింగ్ స్పిండిల్ లాక్: బిగిస్తే కదిలిపోయే పట్టును సరిచేసిన తీరు

వర్క్‌షాపులో సొంతంగా చేసుకున్న ఫిక్స్చర్ (పనిముక్కను పట్టి ఉంచే సాధనం) జారిపోతుంటే అందరికీ ముందు తోచేది బోల్టు సైజు పెంచడం. ఎమ్8 (8 మి.మీ. బోల్టు) చాలకపోతే ఎమ్10, అదీ చాలకపోతే స్పానర్‌కు పైపు తొడగడం. ఈ కేసులోది ఇండెక్సింగ్ ఫిక్స్చర్, అంటే పనిముక్కను పట్టిన స్పిండిల్‌ను (తిరిగే కడ్డీని) సమాన భాగాలుగా తిప్పి ఆపేది. దీని లోపం పట్టు చాలకపోవడం ఒక్కటే కాదు. లాక్ బిగించే క్షణంలోనే స్పిండిల్ తిరుగుతోంది. అది తేలేదాకా ఏం మార్చినా ఫలితం కనబడలేదు.

వస్తువు ఇది. ఎఫ్‌జి 200 గ్రేడు కాస్ట్ ఐరన్ దిమ్మ, వెడల్పు 75, ఎత్తు 90, పొడవు 60 మి.మీ. అడుగు నుంచి 42 మి.మీ. ఎత్తున 32 మి.మీ. బోరు. అందులో ఈఎన్‌8 (మధ్యరకం కార్బన్ ఉక్కు) స్పిండిల్, ముందు ముక్కుకు చిన్న మూడు దవడల చక్, వెనక 1.25 మాడ్యూల్ (పళ్ల సైజు), 60 పళ్ల గేరు. పళ్ల సందులో దిగే ప్లంజర్‌తో 60, 30, 20, 15, 12, 10, 6, 5, 4, 3, 2 భాగాలు వస్తాయి. స్పిండిల్‌ను ఆపడానికి దిమ్మ పైనుంచి, వెనక అంచుకు 15 మి.మీ. దూరంలో, ఒక ఎమ్8 గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ). డ్రిల్లింగ్ మెషీన్ మీద 12 రంధ్రాల ఫ్లాంజ్‌లు చేసినంతకాలం ఇబ్బంది లేదు. 6 మి.మీ. ఎండ్‌మిల్లుతో గాడులు తీయడం మొదలుపెట్టాక గాడుల మధ్య దూరం ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ రావడం మొదలైంది. కొన్నిసార్లు కటింగ్ మధ్యలో స్పిండిల్ టక్కున జారింది కూడా.

కొలత ముందు, మరమ్మతు తర్వాత

చక్‌లో ఒక చదునైన పట్టీ పట్టి, స్పిండిల్ కేంద్రం నుంచి సరిగ్గా 100 మి.మీ. దూరంలో దాని మీద డయల్ గేజి (సన్నని కదలికలు ముల్లుతో చూపే సాధనం) మొన ఆనించాలి. ఈ దూరానికి లెక్క తేలిక: డయల్ మీద ఒక గీత, అంటే 0.01 మి.మీ., కోణంలో 20 సెకన్లకు కాస్త పైన. మూడు గీతలైతే ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. ప్లంజర్ దింపి, డయల్ సున్నాకు తిప్పి, లాక్ మెల్లగా బిగిస్తూ ముల్లునే చూడాలి. బిగించాక చూస్తే సరిపోదు. బిగుస్తున్నప్పుడు ముల్లు ఎటు వెళ్లింది, చివర్లో వెనక్కి వచ్చిందా అన్నదే అసలు సమాచారం.

గ్రబ్ స్క్రూతో ముల్లు ఒక్కో స్థానంలో ఒక్కోలా కదిలింది. కొన్నిచోట్ల 2 గీతలు, కొన్నిచోట్ల 12. దిశ కూడా ఒకటి కాదు. 12 గీతలంటే దాదాపు 4 నిమిషాలు, 100 మి.మీ. పిచ్ సర్కిల్ (రంధ్రాల కేంద్రాలు పడే వలయం) మీద రంధ్రం 0.06 మి.మీ. పక్కకు పడుతుంది. ప్రతిసారీ అదే దిశలో అంతే కదిలితే పంపకం చెడదు, మొత్తం వలయం కలిసి జరుగుతుంది. ఒక్కోసారి ఒక్కోలా కదలడమే ఇండెక్సింగ్‌కు చేటు.

రెండో పరీక్ష పట్టుకు. ప్లంజర్ తీసేసి, లాక్ ఒక్కటే బిగించి, 300 మి.మీ. చేతికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాలి. 7 కిలోల దగ్గర జారింది. అంటే సుమారు 20 న్యూటన్ మీటర్లు.

గ్రబ్ స్క్రూ ఎందుకు తిప్పుతుంది

స్పిండిల్ బయటికి తీస్తే కారణం కంటికే కనిపించింది. స్క్రూ మొన తగిలిన వరస పొడవునా గుండ్రటి గుంటలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి గొలుసులా ఉన్నాయి. 32 మి.మీ. వ్యాసానికి చుట్టుకొలత 100.5 మి.మీ.; దాన్ని 60 భాగాలు చేస్తే ఒక్కో స్థానానికి 1.7 మి.మీ. కూడా లేదు. ఎమ్8 కప్పు మొన వెడల్పు 5 మి.మీ. కాబట్టి కొత్త స్థానంలో బిగించినప్పుడు మొన సగం కొత్త చోట, సగం పాత గుంటలో పడుతుంది. పాత గుంట దాన్ని తన వైపు లాక్కుంటుంది. స్పిండిల్ తిరగకుండా ఎలా ఉంటుంది?

దీనికి తోడు ఆ గుంటల అంచులు పైకి లేచి బర్రు కట్టాయి. స్పిండిల్ తీసినప్పుడల్లా ఆ బర్రు బోరును గీరింది. బోరు హెచ్7, స్పిండిల్ జి6 (జారే అమరికకు వాడే సైజు హద్దులు) అనుకుంటే 32 మి.మీ. దగ్గర ఖాళీ 9 నుంచి 50 మైక్రాన్ల మధ్య ఉండాలి. ఇక్కడ 40 ఉంది; హద్దులోనే గానీ, ఒరగడానికి చోటుంది. స్క్రూ వెనక అంచు దగ్గర నొక్కుతోంది గనుక స్పిండిల్ వెనక భాగం కిందికి ఒరిగి, ముక్కు స్వల్పంగా పైకి లేస్తోంది.

మొన కింద ఇత్తడి ముక్క పెట్టడం మొదటి చిట్కా. 6.5 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. పొడవు ముక్కను ఎమ్8 రంధ్రంలో వేసి దాని మీద స్క్రూ బిగించారు. గుంటలు ఆగిపోయాయి. కానీ పది పదిహేను బిగింపులయ్యాక ముక్క ఉబ్బి దారాల్లోకి పాకింది. స్క్రూ వదులు చేసినా ముక్క వదలదు. దాన్ని తీయాలంటే స్పిండిల్ లాగి కింది నుంచి తన్నాలి. ముక్క వేసే చోట దారాలు లేకుండా 8.2 డ్రిల్లుతో విప్పి, 8 మి.మీ. ముక్క వేస్తే ఈ బాధ ఉండదు. తేలికపాటి పనికి అది చాలు కూడా. పట్టు మాత్రం పెరగదు. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది.

80 మి.మీ. హ్యాండిల్‌ను చేత్తో 10 కిలోల బలంతో తిప్పితే 8 న్యూటన్ మీటర్లు. ఎమ్8 బోల్టుకు అది సుమారు 5,000 న్యూటన్ల లాగుడు ఇస్తుంది, అంటే 500 కిలోల బరువంత. ఆ 5,000 స్పిండిల్‌ను పైనుంచి నొక్కితే, కింది గోడ తిరిగి అంతే నొక్కుతుంది. రెండు చోట్లా రాపిడి గుణకం 0.15 చొప్పున, వ్యాసార్ధం 16 మి.మీ.: మొత్తం 24 న్యూటన్ మీటర్లు. పైగా గ్రబ్ స్క్రూకు పట్టే ఎల్ కీ 4 మి.మీ.ది మాత్రమే, గట్టిగా తిప్పితే కీ మెలిపడుతుంది, లేదా మూలలు అరిగి గుండ్రబడతాయి. త్రాసు మీద కనిపించిన 20 ఈ లెక్కకు దగ్గరే.

స్ప్లిట్ కాటర్

సైకిలు పెడల్ చేతికి కొట్టే కాటర్ పిన్నుకు, దీనికి పేరులో పోలిక ఉంది, పని వేరు. ఇక్కడ కాటర్ అంటే స్పిండిల్‌కు అడ్డంగా, దాని అంచులోకి కొద్దిగా చొచ్చుకుంటూ పోయే గుండ్రటి కడ్డీ. స్పిండిల్ ఒంపుకు సరిపడే గాడి దాని మీద ఉంటుంది. కడ్డీని మధ్యకు రెండు ముక్కలు చేసి, ఒక ముక్కలో దారాలు, రెండో దానిలో సాదా రంధ్రం వేసి, బోల్టుతో ఒకదాని వైపు మరొకటి లాగితే రెండు ముక్కలూ ఆప్పుల్లా (వాలుగా దూరి బిగిసే వెడ్జిల్లా) స్పిండిల్‌ను రెండు వైపుల నుంచీ నొక్కుతాయి. చాలా లేతుల్లో టెయిల్‌స్టాక్ బ్యారెల్ లాక్ ఇదే. అలాంటి లేతు దగ్గర ఉంటే హ్యాండిల్ విప్పి చూస్తే వంద బొమ్మల కన్నా బాగా అర్థమవుతుంది.

రెండు ముక్కలూ సమానంగా, ఎదురెదురుగా లాగుతాయి. ఒకటి స్పిండిల్‌ను కుడికి తిప్పాలని చూస్తే రెండోది ఎడమకు. తిరుగుడు రద్దవుతుంది. ఎదురు గోడకు నొక్కడం మాత్రం ఇక్కడా ఉంటుంది, ఆ విషయంలో ఇది గ్రబ్ స్క్రూ కన్నా గొప్పదేం కాదు. కాకపోతే ప్రతిసారీ అటే, అంతే నొక్కుతుంది. కాటర్‌ను దిమ్మ పొడవు మధ్యలో, అంటే అంచుకు 30 మి.మీ. దగ్గర పెడితే స్పిండిల్ ఒరగకుండా సమంగా కూర్చుంటుంది.

దిమ్మకే సన్నగా చీలిక పెట్టి బోల్టుతో నొక్కేస్తే పోదా అన్న ప్రశ్న వస్తుంది. ఉక్కు దిమ్మకు పరవాలేదు. కాస్ట్ ఐరన్ వంగదు. చీలిక చివర నుంచి పగులు మొదలవుతుంది. పైగా చీలిక పెట్టగానే లోపలి ఒత్తిళ్లు విడుదలై బోరు గుండ్రం తప్పవచ్చు. పూర్తయిన బోరు ఉన్న కాస్ట్ ఐరన్ దిమ్మను చీల్చకూడదు.

సైజుల దగ్గరే ఈ పని నిలిచేది, పోయేది. మొదట గీసిన బొమ్మలో కాటర్ 16 మి.మీ. వ్యాసం, స్పిండిల్‌లోకి 3 మి.మీ. చొచ్చేలా ఉంది. ఎమ్8 బోల్టుకు 9 మి.మీ. రంధ్రం కావాలి. కాటర్ కేంద్రం నుంచి గాడి అడుగు 5 మి.మీ., రంధ్రం అంచు 4.5 మి.మీ. మిగిలే గోడ అర మిల్లీమీటరు! కాగితం మీదే దొరికింది కాబట్టి సరిపోయింది. 20 మి.మీ. కాటర్‌కు మారితే అదే గోడ 2.5 మి.మీ. అవుతుంది. అప్పుడు కాటర్ కేంద్రం స్పిండిల్ కేంద్రానికి 16 + 10 − 3, అంటే 23 మి.మీ. దూరంలో. దిమ్మ పైభాగం స్పిండిల్ కేంద్రం నుంచి 48 మి.మీ. ఎత్తు గనుక కాటర్ పైన 15 మి.మీ. లోహం మిగిలింది. కాస్ట్ ఐరన్‌లో ఇక్కడ 10 మి.మీ. కన్నా తగ్గించకూడదు, కాటర్ స్పిండిల్‌ను ఎంత నొక్కుతుందో పైగోడనూ అంతే నొక్కుతుంది.

3 మి.మీ. లోతు ఎందుకు, ఒకటిన్నర ఎందుకు కాదు? లోతు తగ్గితే ఆప్పు కోణం పల్చనవుతుంది. ఒకటిన్నర మి.మీ. లోతుకు నొక్కుడు సగటున 15 డిగ్రీల దగ్గర పడుతుంది. రెండు రాపిడి ముఖాలున్న ఆప్పు, రాపిడి 0.15 అయితే, 17 డిగ్రీలకు లోపు ఉంటే తనంతట తాను వదలదు. బోల్టు వదులు చేసినా పట్టుకునే ఉంటుంది, సుత్తితో తట్టాలి. 3 మి.మీ. లోతుకు కోణం 20 డిగ్రీల చుట్టూ ఉంటుంది, వదులుతుంది. ఇంకా లోతుకు పోతే వదలడం సులువే గానీ ఆప్పు లాభం తగ్గుతుంది, గోడ పల్చనవుతుంది.

20 డిగ్రీలకు లెక్క వేస్తే, అదే 5,000 న్యూటన్ల బోల్టు లాగుడుకు ఒక్కో ముక్క స్పిండిల్‌ను 8,000 న్యూటన్లతో నొక్కుతుంది. రెండు ముక్కలు, వాటికి ఎదురు గోడ కలిసి 70 న్యూటన్ మీటర్ల వరకు పట్టు. గ్రబ్ స్క్రూకు దాదాపు మూడింతలు, అదే హ్యాండిల్, అదే చెయ్యి.

తయారీ వరస

కొత్త దిమ్మ అయితే అడ్డ రంధ్రం ముందు వేసి, కాటర్ కడ్డీని అందులో బిగించి, తర్వాత దిమ్మను, కడ్డీని కలిపి ఒకేసారి బోరు కొట్టడం సులువైన వరస. ఇక్కడ బోరు ముందే ఉంది. అందుకని దారి మారింది.

మొదట బోరు మూయాలి. 32 మి.మీ. బోరులోకి బిగువుగా, చేత్తో కాకుండా చెక్క సుత్తితో దిగే ఎమ్‌ఎస్ (మైల్డ్ స్టీలు) ముక్క కొట్టారు. ఇది లేకుండా డ్రిల్లు వేస్తే, అంచు ఖాళీలోకి పడగానే డ్రిల్లు అటు లాగేస్తుంది, అడ్డ రంధ్రం వంకర పోతుంది. తర్వాత పక్క ముఖం మీద మార్కింగ్, 8, 16, 19.5 డ్రిల్లులు, ఆఖరున 20 హెచ్7 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు నున్నగా తెచ్చే పనిముట్టు). రీమింగ్ మెషీన్ మీద, నెమ్మది స్పీడులో, దిమ్మను కదపకుండా అదే సెట్టింగులో చేయాలి. పాత గ్రబ్ స్క్రూ రంధ్రానికి, దీనికి మధ్య మిగిలేది ఒక మిల్లీమీటరే. దాని మీద చెయ్యి పెట్టకుండా వదిలేశారు, అది ఇప్పుడు నూనె రంధ్రం.

కాటర్‌కు గన్‌మెటల్ (రాగి, తగరం, జింకు కలిసిన లోహం). మైల్డ్ స్టీలు కూడా పనిచేస్తుంది గానీ, గట్టిదనం ఎక్కించని ఈఎన్‌8 స్పిండిల్ మీద స్టీలు కొరుకుతుంది. గన్‌మెటల్‌లో దారాలు 16 మి.మీ.కు తగ్గకుండా ఉంటే ఎమ్8 తెగదు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట రాడ్డు కిలోల లెక్కన ఇస్తారు, 22 మి.మీ. రాడ్డు 80 మి.మీ. తీసుకుంటే చాలు. 20 మి.మీ. రంధ్రంలో వేలితో తోస్తే జారేలా, ఊగకుండా టర్నింగ్ చేసి 66.5 మి.మీ. పొడవుకు తెగ్గొట్టాలి. దారాల ముక్క 28, సాదా ముక్క 36.5, మధ్య కోతకు 2. కడ్డీ పొడవునా 6.8 డ్రిల్లు, సాదా ముక్క వైపు నుంచి 39 మి.మీ. లోతుకు 9 మి.మీ. డ్రిల్లు, మిగతా భాగంలో ఎమ్8 ట్యాపు. ఇవన్నీ కడ్డీ ఒకే ముక్కగా ఉన్నప్పుడే.

కడ్డీని దిమ్మలో దాని స్థానంలో పెట్టి, పైముఖం నుంచి ఎమ్5 స్క్రూతో కదలకుండా నొక్కాలి. ఇప్పుడు గాడి. దిమ్మను లేతు క్రాస్ స్లైడ్ మీద పెట్టి, రెండు సెంటర్ల మధ్య తిరిగే బోరింగ్ బార్‌తో తీయాలి. కొత్తగా చేసేవాళ్లకు చిక్కు పడేది దిమ్మను వరసకు తేవడంలో. దానికి డయల్ కూడా అక్కర్లేదు. అసలు స్పిండిల్‌కు రెండు చివర్లా సెంటర్ రంధ్రాలుంటే, కడ్డీ పెట్టకముందే ఆ స్పిండిల్‌ను దిమ్మలో వేసి, రెండు సెంటర్ల మధ్య పట్టాలి. దిమ్మ దానంతట అదే గాలిలో సరైన చోట వేలాడుతుంది. కింద ఎంత ఖాళీ ఉందో అంత ప్యాకింగు, షిమ్ము (పల్చని రేకు) దూర్చి, క్రాస్ స్లైడ్‌కు బిగించి, బిగించాక స్పిండిల్ వేళ్లతో తిరుగుతోందా చూడాలి. బిగుసుకుంటే షిమ్ము మార్చాలి. తర్వాత స్పిండిల్ తీసి, కడ్డీ, ఎమ్5 బిగించి, 20 మి.మీ. బోరింగ్ బార్ ఎక్కించాలి. క్రాస్ స్లైడ్ మీది కాంపౌండ్ స్లైడు తీసేసి పెట్టుకోవడం మంచిది, చోటు సరిపోదు.

బార్‌లో 6 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీలు) టూల్, 150 నుంచి 200 ఆర్‌పిఎమ్, ఒక్కో కోతకు 0.15 మి.మీ., ఫీడు సన్నం. టూల్ ప్రతి చుట్టులో ఒక్క చోటే కోస్తుంది గనుక టక్ టక్ అంటుంది, కంగారు అక్కర్లేదు. బోరు గోడకు ముందే మార్కింగ్ బ్లూ పల్చగా పూసి ఉంచాలి. టూల్ మొన ఆ నీలాన్ని తుడుస్తూ, కింది లోహాన్ని గీయకుండా పోయినప్పుడు గాడి సరిగ్గా 16 వ్యాసార్ధానికి వచ్చినట్టు. అక్కడ ఆపాలి. ఇంకో కోత వేస్తే బోరే పాడవుతుంది.

తీసేముందు కడ్డీ చివర మీద, దిమ్మ మీద పంచ్‌తో ఒక్కో చుక్క. ఏ ముక్క ఎటు వైపో తర్వాత గుర్తుండదు. బయటికి తీసి హ్యాక్సాతో రెండు ముక్కలు చేసి, కోసిన ముఖాలు ఫేసింగ్ చేసి మొత్తం 2 మి.మీ. తగ్గించాలి. గాడి అంచుల బర్రు ఆకురాయితో కాకుండా ఆయిల్ స్టోన్‌తో తీయాలి. రెండు ముక్కల మధ్య 8 మి.మీ. లోపలి వ్యాసం, 2.5 మి.మీ. మందం ఉన్న ఓ-రింగ్ బోల్టు చుట్టూ వేస్తే వదులు చేసినప్పుడు అదే వాటిని విడదీస్తుంది. చాలామంది స్ప్రింగు వేస్తారు. ఇక్కడ దానికి గుంట తవ్వితే గాడి పక్క గోడ పల్చబడేది.

మొదటిసారి తప్పింది

బిగించిన రోజు ముల్లు కదల్లేదు. ఓ వారం వాడాక మళ్లీ 5 గీతలు, ఈసారి ఎప్పుడూ ఒకే దిశలో. కారణం చిన్నది. సాదా ముక్క చివర దిమ్మ ముఖంతో సమానంగా ఉంది. గాడి కాస్త ఒదిగి ముక్క 0.2 మి.మీ. లోపలికి జారగానే, హ్యాండిల్ బాస్ (దాని లావాటి మొదలు) ముక్కను వదిలేసి దిమ్మ ముఖానికి ఆనింది. ఇక బోల్టు లాగేది దారాల ముక్కను ఒక్కదాన్నే. ఒక ఆప్పు పనిచేస్తే స్పిండిల్ తిరగక ఏం చేస్తుంది? 19 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. మందం వాషరు ఒకటి ముక్కకు, బాస్‌కు మధ్య వేస్తే అయిపోయింది. 20 రంధ్రంలోకి అది కూడా దిగగలదు కాబట్టి మళ్లీ ఆనదు. అవతలి చివర దారాల ముక్క ముఖానికి 8.5 మి.మీ. లోపలే ఉంది, అక్కడ ఈ సమస్య రాదు. బోల్టు పొడవు 70 మి.మీ. సరిపోయింది.

కాటర్ ముక్కలు రెండూ రంధ్రంలో తేలాలి, దేనికీ ఆనకూడదు. ఒక చివర మూసిన రంధ్రంలో కాటర్ పెట్టేవాళ్లకు ఇదే తప్పు ఇంకో రూపంలో వస్తుంది: దారాల ముక్క రంధ్రం అడుగుకు తగులుతుంది.

ఆ వాషరుతోనే హ్యాండిల్ దిశ కూడా కుదురుతుంది. ఎమ్8 పిచ్ 1.25 మి.మీ.; వాషరు మందం 0.31 తగ్గిస్తే హ్యాండిల్ పావు చుట్టు ముందుకు వెళ్లి బిగుస్తుంది. బిగిసినప్పుడు హ్యాండిల్ చక్ వైపు పొడుచుకురాకుండా, వెనక్కి వాలి ఉండేలా ఇలా సరిచేయాలి.

మార్పు తర్వాత 60 స్థానాల్లో వరసగా 12 చోట్ల చూస్తే బిగింపులో ముల్లు ఒక గీతకు మించలేదు. 300 మి.మీ. చేతికి 20 కిలోలు వేలాడదీసినా, అంటే 59 న్యూటన్ మీటర్లకు, జారలేదు. బరువు తీయగానే ముల్లు సున్నాకు వచ్చింది. అంతకు మించి లాగలేదు. ఈ కొలతలు స్పిండిల్‌ను పల్చని నూనెతో తడిపి, గుడ్డతో తుడిచాక తీసినవి. నూనె కారుతూ ఉంటే రాపిడి తగ్గి పట్టు పడిపోతుంది.

ప్లంజర్ చేయి జారడం

ప్లంజర్ బ్రాకెట్‌ది పూర్తిగా వేరే జబ్బు. 50 × 20 ఎమ్‌ఎస్ పట్టీ, 85 మి.మీ. పొడవు, 25 మి.మీ. బ్రైట్ బార్ (నున్నటి ఉక్కు కడ్డీ) మీద చీలిక క్లాంపు. ఎమ్8 బోల్టు ఎంత బిగించినా మోకాలితో తాకితే తిరిగేది. బోల్టు విప్పి చూస్తే చీలిక రెండు వైపులా దారాలున్నాయి! ట్యాపు నేరుగా రెండు చెంపల్లోకీ కొట్టేశారు. రెండు చెంపల్లోనూ దారాలుంటే బోల్టు వాటిని దగ్గరకు లాగదు, ఉన్న దూరంలోనే పట్టి ఉంచుతుంది. దగ్గరి చెంపలో 9 మి.మీ. డ్రిల్లు వేసి దారాలు తీసేశాక కొంత మెరుగు, పూర్తిగా కాదు.

మిగిలిన లోపం గోడ మందంలో ఉంది. రంధ్రం వెనక, అంటే చీలికకు ఎదురుగా, 12.5 మి.మీ. ఇనుము. బోల్టు బలమంతా ఆ గోడను వంచడానికే ఖర్చవుతోంది, బారును నొక్కడానికి మిగిలేది తక్కువ. చీలికను రంధ్రం దాటించి వెనక్కి 6.5 మి.మీ. పొడిగించి 6 మి.మీ. గోడ మిగిల్చారు. వంగే బిగువు మందం ఘనంతో మారుతుంది, 12.5 నుంచి 6కు అంటే తొమ్మిదో వంతు. చీలిక చివర చిన్న డ్రిల్లు రంధ్రంతో ముగిస్తే అక్కడ పగులు పుట్టదు. రంధ్రం డ్రిల్లుతో వేసినందువల్ల 25.2 ఉంది, బారు 24.95. ఇంత తేడా ఉంటే ఎంత వంచినా రంధ్రం బారును రెండు మూడు సన్నని వరసల మీదే పడుతుంది. ఈ ముక్క పారేసి, 24.5 డ్రిల్లు తర్వాత బారుకు సరిపడా బోరు కొట్టి, చీలిక ఆఖరున పెట్టి కొత్తది చేశారు. పాత ముక్కను కాపాడటానికి పెట్టే గంటల కన్నా అది చవక.

బల్లకు బిగించడం

ఇక్కడ చెప్పుకోదగ్గవి రెండే. స్ట్రాప్ క్లాంపులో బోల్టు దిమ్మకు దగ్గరగా, మడమ ప్యాకింగుకు (స్ట్రాపు వెనక చివర కింద పెట్టే ముక్కకు) దూరంగా ఉండాలి. ప్యాకింగు నుంచి దిమ్మ అంచుకు 100 మి.మీ. ఉంటే, బోల్టు దిమ్మకు 35 దూరంలో ఉన్నప్పుడు బలంలో 65 శాతం దిమ్మకు అందుతుంది. తారుమారైతే 35 శాతమే, మిగతాది ప్యాకింగును నొక్కుతుంది. ప్యాకింగు దిమ్మ అంచు కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తు ఉంటే స్ట్రాపు ముక్కు కిందికి వాలి కొసతో పడుతుంది; తక్కువైతే మడమ వైపు ఒరిగి దిమ్మను పక్కకు తోస్తుంది.

రెండోది టీ-నట్టు, బల్ల గాడిలో (టీ-స్లాట్‌లో) కూర్చునే నట్టు. దారాలు అడుగుదాకా తెరిచి ఉంటే, పొడవు బోల్టు కిందికి దిగి టీ-స్లాట్ అడుగును తన్ని, నట్టును పైకి లేపుతుంది. బల్ల స్లాట్ పెదవి విరగడం అలాగే జరుగుతుంది. నట్టు అడుగున చివరి దారాన్ని సెంటర్ పంచ్‌తో రెండు చోట్ల నలగ్గొడితే బోల్టు దాటదు.

ఇంకా మిగిలినది

లాక్ స్పిండిల్‌ను కదపడం ఆగాక ఇప్పటిదాకా దాని చాటున ఉన్న లోపం బయటపడింది. ప్లంజర్ మొన సమాంతరంగా ఉండి పళ్ల సందులో 0.045 మి.మీ. ప్లే ఉంది, 37.5 మి.మీ. వ్యాసార్ధం దగ్గర అది సరిగ్గా ఆ 4 నిమిషాలు. గ్రబ్ స్క్రూ స్పిండిల్‌ను తిప్పగలిగింది ఆ ఖాళీ ఉన్నందుకే. ప్రస్తుతానికి ప్లంజర్ దింపాక చక్‌ను ప్రతిసారీ ఒకే వైపు, సవ్య దిశలో, ఆగేదాకా తోసి అప్పుడు లాక్ బిగిస్తున్నారు. తోయడం మరిచిన స్థానంలో తేడా డయల్ మీద కనబడుతూనే ఉంది. పంటి సందు వాలుకు తగ్గట్టు మొన సానపట్టిన ఈఎన్‌31 (బేరింగు ఉక్కు) ప్లంజర్, దానికి గన్‌మెటల్ బుష్ తర్వాతి పని.